కౌన్సెలింగు అనబడే పంచాయితీ

"కౌన్సెలింగు" అనే మాట తెలుగునాట ఎన్ని వేషాలు వేసిందో తలచుకుంటే నవ్వూ వస్తుంది, దిగులూ కలుగుతుంది. ఇంటర్మీడియెట్ గట్టెక్కిన పిల్లవాడికి ఇంజనీరింగు కాలేజీలో సీటు కేటాయిస్తే అది కౌన్సెలింగు. రౌడీషీటర్లను ఠాణాకు పిలిపించి, వరుసగా నిలబెట్టి, ఇకమీదట బుద్ధిగా మసలుకోమని గద్దిస్తే అదీ కౌన్సెలింగే. తాగి బండి నడిపినవాడిని ఇంటివాళ్ళ ఎదుట కూర్చోబెట్టి మందలించినా కౌన్సెలింగే. నాలుగవది ఆలుమగల తగవు. అక్కడ జరిగేది చాలాచోట్ల పై మూడింటి కలగలుపు. ఒకరికి చోటు కేటాయించడం, ఒకరిని గద్దించడం, చివర ఇద్దరిచేతా కాగితం మీద సంతకం పెట్టించడం.

మాట చెడితే పని చెడుతుందని నమ్మే పాతకాలపు తెలుగు పండితుణ్ణి నేను. అందుకే ఈ టపా కాస్త కటువుగా ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కూలిపోతున్న కాపురం ఎదుట కూర్చుని మాట్లాడడం ఒక విద్య. దానికి గురువు కావాలి, అభ్యాసం కావాలి, వెనుక కూర్చుని తప్పు పట్టేవారు కావాలి. ఇవేవీ లేనివారిని "వయసులో పెద్దవారు, లోకం తెలిసినవారు" అన్న యోగ్యత మీద ఆ కుర్చీలో కూర్చోబెట్టడం అన్యాయం. ఆ అన్యాయానికి బలి అయ్యేది నోరులేని పక్షం.

ముందుగా మన సంప్రదాయవాద మిత్రుల వాదం. "ఇదంతా పడమటి జాడ్యమండీ. ఉమ్మడి కుటుంబాలు ఉన్నన్నాళ్ళూ మనకు ఈ థెరపిస్టుల అవసరం పడిందా? ఇంటి పెద్దలే కౌన్సెలర్లు. ఆ మాటకొస్తే భగవద్గీతే లోకంలో మొట్టమొదటి కౌన్సెలింగు" అంటారు.

సంప్రదాయం మీద నాకూ గౌరవముంది. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంటి పెద్ద ఎవరు? ఆ తగవులో పక్షం ఉన్నవాడే. పిల్లకు మేనమామో, పిల్లవాడికి పెదనాన్నో, కట్నం మాట్లాడిన మధ్యవర్తో అయి ఉంటాడు. ఆయన ముందున్న ప్రశ్న "వీరిద్దరి మనసుల్లో ఏముంది?" అన్నది కాదు, "నలుగురిలో పరువు ఎలా నిలబడుతుంది?" అన్నది. పరువు నిలబెట్టడానికి దగ్గర దారి పిల్లను తిరిగి అత్తవారింటికి పంపడం. రచ్చబండ పొలం గట్టు తగవును తీర్చగలదు, ఎందుకంటే గట్టు కంటికి కనిపిస్తుంది. పడకగదిలో గట్టు ఎక్కడుందో పదిమంది నడుమ ఏ ఆడపిల్ల చెప్పగలదు?

ఇక గీత సంగతి. దానిని కౌన్సెలింగు అనే మిత్రులు రెండు చోట్ల జాగ్రత్తగా చూడాలి. మొదటి అధ్యాయంలో అర్జునుడు తన గోడంతా వెళ్ళబోసుకుంటాడు. చేతులు వణుకుతున్నాయంటాడు, నోరు ఎండుతోందంటాడు, కులం ఏమవుతుందంటాడు. అంతసేపూ కృష్ణుడు అడ్డురాడు. శిష్యుడు విల్లు కింద పెట్టి చతికిలబడేదాకా వింటాడు. చిట్టచివరి అధ్యాయంలో, చెప్పవలసినదంతా చెప్పాక, దీనినంతా బాగా విమర్శించుకుని నీకు తోచినట్లు చెయ్యి అంటాడు. ముందు పూర్తిగా వినడం, చివర నిర్ణయం ఎదుటివాడికే వదలడం. మన పంచాయితీల్లో ఈ రెండింటిలో ఏది ఉంది? నడుమ ఉపన్యాసం మాత్రమే ఉంది!

ఉత్త సలహా ఎంత నిష్ప్రయోజకమో చెప్పడానికి కూడా భారతమే చాలు. నిద్రపట్టని ధృతరాష్ట్రుడికి విదురుడు రాత్రంతా నీతి చెబుతాడు. ఆ రాజుకు నీతి తెలియక కాదు, నువ్వు చెప్పినదే నిజమని ఒప్పుకుంటూనే ఉంటాడు. కొడుకు ముఖం చూసేసరికి మనసు మళ్ళుతుంది. లోకంలో అంతకు మించిన సలహాదారు లేడు, అంతకు మించిన వైఫల్యమూ లేదు. మనిషిని పట్టి ఉంచేది తెలియకపోవడం కాదు, కుటుంబంలో అతడు చిక్కుకున్న ముడి. ఆ ముడిని చూడడం నేర్పే శాస్త్రమే కుటుంబ చికిత్స.

ఈ శాస్త్రం గురించి నాలుగు ముక్కలు. 1950ల నుంచి అమెరికాలో కొందరు వైద్యులు, సామాజిక కార్యకర్తలు రోగిని ఒంటరిగా కాక కుటుంబంతో కలిపి చూడడం మొదలుపెట్టారు. వర్జీనియా సటీర్ పుస్తకం 1964లో, సాల్వడార్ మినూచిన్ పుస్తకం 1974లో వచ్చాయి. మర్రే బోవెన్ చెప్పిన "త్రికోణం" అన్న భావన నాకు అన్నిటికంటే నచ్చింది. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనంతగా పెరిగినప్పుడు వారు మూడవ మనిషిని నడుమకు లాగుతారు. కొంతసేపు ఊపిరి పీల్చుకుంటారు గాని అసలు తగవు ఉన్నచోటనే ఉంటుంది. మన ఇళ్ళలో చూడండి. మొగుడితో మాట్లాడలేని ఇల్లాలు కొడుకును నడుమకు తెచ్చుకుంటుంది. ఆ కొడుకుకు పెళ్ళయిన నాడు కోడలు వచ్చి ఆ త్రికోణం మీద కాలు పెడుతుంది. దీనికి మనం "అత్తాకోడళ్ళ పోరు" అని పేరుపెట్టి, ఇద్దరు ఆడవాళ్ళ గయ్యాళితనంగా తీర్మానించి, పక్క గదిలో పేపరు చదువుకుంటున్న ఇద్దరు మగవాళ్ళను విడిచిపెట్టాం.

ఇది పడమటివారి గుత్తసొత్తు కూడా కాదు. అమృతసర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే రోగుల బంధువులను ఆవరణలో డేరాలు వేయించి ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో కుటుంబ చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. విద్య మన దగ్గరా ఉంది. మన వీధిలోకి రాలేదు, అంతే.

ఇప్పుడు శిక్షణ సంగతి. నా పూర్వవిద్యార్థిని ఒకామె కాలిఫోర్నియాలో వివాహ, కుటుంబ చికిత్స అభ్యసిస్తున్నది. ఆ రాష్ట్రంలో ఈ వృత్తికి 1963 నుంచే లైసెన్సు ఉంది. ఎం.ఏ. స్థాయి చదువు చదివితే చాలదు. పర్యవేక్షకుల కింద 3000 గంటలు పనిచేయాలి. కనీసం 104 వారాలు పర్యవేక్షణలో ఉండాలి. ఆ గంటలలో కనీసం 500 దంపతులతో, కుటుంబాలతో, పిల్లలతో గడిపినవై ఉండాలి. ఆ పైన చట్టమూ నీతీ మీద ఒక పరీక్ష, చికిత్స మీద మరొకటి. ఇదివరకు ఈ దశలో ఉన్నవారిని "ఇంటర్న్" అనేవారు, 2018 జనవరి నుంచి "అసోసియేట్" అంటున్నారు. నాకు అన్నిటికంటే నచ్చిన నియమం వేరే ఉంది. నాకింకా లైసెన్సు రాలేదు, నేను పర్యవేక్షణలో పనిచేస్తున్నాను అని వచ్చినవారికి మొదటే తెలియజెప్పాలి. శిక్షణలో ఉండడం సిగ్గుపడవలసిన సంగతి కాదు, దాచడమే నేరం అన్నమాట.

ఇది వింటే నాకు మా పండిత శిక్షణ కళాశాల గుర్తుకొచ్చింది. ఛందస్సు, వ్యాకరణం, ప్రబంధాలు అన్నీ చదివి వచ్చిన వాళ్ళమే. అయినా పిల్లల ముందుకు ఊరికే వదలలేదు. పాఠ్యపథకం రాసి సంతకం చేయించుకోవాలి. టీచింగు ప్రాక్టీసు రోజుల్లో లెక్చరరుగారు చివరి బెంచీ మీద కూర్చుని మా ప్రతి మాటా రికార్డులో రాసేవారు. క్రిటిసిజం లెసన్ అని ఒకటుండేది. తోటివారంతా వెనుక కూర్చుని, పాఠం ముగిశాక ఏకిపారేసేవారు. "ప్రశ్న వేసి జవాబుకు ఆగలేదు", "ఆ మూల కూర్చున్న పిల్ల వైపు ఒక్కసారీ చూడలేదు" అని. ఆరవ తరగతి పిల్లలకు ఒక పద్యం చెప్పడానికే ఇంత కట్టడి ఉంటే, కన్నీళ్ళతో వచ్చిన మనిషి ముందు కూర్చోవడానికి ఏ కట్టడీ అక్కరలేదా? పద్యం తప్పు చెబితే మరునాడు దిద్దవచ్చు. "సర్దుకుపోమ్మా" అని తప్పుచోటికి తిరిగి పంపిన పిల్లను ప్రతిసారీ వెనక్కి తేగలమా?

మన దగ్గర సంగతి చూడండి. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లు ఉండాలన్నది. వారి సంఖ్యనూ తరగతులనూ నిర్ణయించే పని హైకోర్టును సంప్రదించి రాష్ట్రప్రభుత్వాలు చేయాలన్నది. ఎంత చదివి ఉండాలో, ఎన్ని గంటలు ఎవరి కింద పనిచేసి ఉండాలో ఆ చట్టంలో రాయలేదు. న్యాయమూర్తుల ఎంపిక దగ్గర మాత్రం వివాహవ్యవస్థను కాపాడి నిలబెట్టడం పట్ల నిబద్ధత ఉన్నవారై ఉండాలని స్పష్టంగా రాశారు. నిలబెట్టవలసినది వివాహమా, వివాహంలోని మనుషులా అన్న ప్రశ్న అక్కడే చిక్కుబడింది. క్లినికల్ సైకాలజిస్టులకు 1992 చట్టం కింద పునరావాస మండలిలో రిజిస్ట్రేషను ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టం మానసిక, ప్రవర్తనా రంగాల వృత్తులవారిని కూడా తన పట్టికలో చేర్చింది. మంచిదే. కాని వీధి చివర "ఫ్యామిలీ కౌన్సెలింగ్" అని బోర్డు చూసి మెట్లెక్కే మనిషికి, లోపలివారు ఏం చదివారో, ఎవరికి జవాబుదారీయో ఆ బోర్డు చెప్పదు. వారాంతపు కోర్సులో పుచ్చుకున్న సర్టిఫికెట్టుకూ గోడ మీద అద్దాల ఫ్రేమే, ఏళ్ళు చదివి తెచ్చుకున్న పట్టాకూ అదే ఫ్రేము.

న్యాయస్థానాలు కూడా ఈ చిక్కును తేల్చలేదు. 2017లో రాజేశ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు, 498ఎ ఫిర్యాదులను ముందుగా చూడడానికి జిల్లా కుటుంబ సంక్షేమ కమిటీలు ఉండాలన్నది. అందులో కూర్చోదగినవారి జాబితాలో సామాజిక కార్యకర్తలతోపాటు రిటైరైనవారు, ఉద్యోగంలో ఉన్న అధికారుల భార్యలు కూడా ఉన్నారు. 2018లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కమిటీలు చెల్లవన్నది. 2022లో అలహాబాదు హైకోర్టు ఇంచుమించు అటువంటి కమిటీలనే, రెండు నెలల విరామంతో సహా, మళ్ళీ ప్రతిపాదించింది. ఈసారి జాబితాలో అయిదవ సంవత్సరం లా విద్యార్థులు, అయిదేళ్ళలోపు అనుభవం గల యువ న్యాయవాదులు, విశ్రాంత న్యాయాధికారులు, ఉన్నతాధికారుల చదువుకున్న భార్యలు ఉన్నారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను అమలులో ఉంచమన్నది.

అబద్ధపు ఫిర్యాదుల బాధితులు లేరని నేననను. ఉన్నారు. వారికి న్యాయం చేయడానికి విచారణ ఉంది, కోర్టు ఉంది. నా అభ్యంతరం జాబితా మీద. రిటైరుమెంటు ఒక యోగ్యత ఎలా అయింది? నేనూ రిటైరైనవాణ్ణే. నాకు తెలిసినది ఉత్పలమాలకు యతిస్థానం. దెబ్బలు తిన్న మనిషి దెబ్బలు దాచుకుంటున్నప్పుడు గొంతు ఎలా మారుతుందో గుర్తించడం నాకెవరూ నేర్పలేదు. అధికారి భార్య కావడం ఏ విద్యాలయం ఇచ్చిన పట్టా? లా విద్యార్థిని కూర్చోబెట్టండి, కాదనను. అతని వెనుక చివరి బెంచీ మీద ఎవరు కూర్చున్నారో చెప్పండి.

నా దగ్గర పదవ తరగతి చదివిన ఒక అమ్మాయి, పెళ్ళయిన మూడేళ్ళకు, ఒక పట్టణంలోని కౌన్సెలింగు కేంద్రానికి వెళ్ళింది. భర్తను, అత్తమామలను, ఆమెను ఒకే గదిలో ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. "ఏమ్మా, నీ సమస్య ఏమిటో అందరి ముందూ చెప్పు" అన్నారు. ఆమె భర్త ముఖం చూసి ఏమీ లేదండీ అన్నది. పావుగంటలో రాజీ కాగితం సిద్ధం. "పెద్దవాళ్ళు అన్నాక ఒక మాట అంటారు, ఆడపిల్లకు ఓర్పు ఉండాలి" అన్నది ఆనాటి చికిత్స. వారి రిజిస్టరులో ఆ కేసు "పరిష్కృతం" అని చేరి ఉంటుంది. తర్వాత ఆమె నాతో అన్నది, "మాస్టారూ, నన్ను ఒక్కదాన్నీ అడిగి ఉంటే చెప్పేదాన్నండీ" అని. శిక్షణలో ఉన్న ఏ ఇంటర్న్‌కైనా మొదటి నెలలోనే నేర్పే సంగతి ఇది. భయం ఉన్నచోట ఇద్దరినీ విడివిడిగా వినకుండా కలిపి కూర్చోబెట్టరాదు. ఆ గదిలో దుర్మార్గులెవరూ లేకపోవచ్చు. నేర్చుకోని మంచితనం ఉంది, అంతే. అది చేయగల కీడు తక్కువది కాదు.

చిత్రమేమంటే ఈ విషయంలో మన చట్టం మన పెద్దమనుషుల కంటే ఎంతో ముందుంది. 2005 గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాలు చదవండి. హింస చేసినవాడు కౌన్సెలింగులో దానికి సమర్థన చెప్పుకోవడానికి వీలులేదు. ఆ మాట మొదలుపెట్టకముందే అతనికి తెలియజేయాలి. "వంట ఆలస్యం చేసింది కాబట్టి కొట్టాను" అన్న వాక్యానికి ఆ గదిలో చోటు లేదన్నమాట! రాజీ ప్రయత్నం బాధితురాలు కోరుకుంటేనే. తగవుతో సంబంధమున్నవారు కౌన్సెలరుగా ఉండరాదు. వీలైనంతవరకు స్త్రీలే ఉండాలి. ఈ నాలుగు నియమాలనూ పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించి ప్రతి కేంద్రం గోడకూ వేలాడదీస్తే సగం పంచాయితీలు ఆ రోజే మూతపడతాయి.

ఇక నా సొంత రంగం, భాష. ఈ చదువంతా ఇంగ్లీషులో సాగుతున్నది. పుస్తకాలు ఇంగ్లీషు, పట్టా ఇంగ్లీషు, ప్రశ్నావళి ఇంగ్లీషు. వచ్చినవారి దుఃఖం మాత్రం తెలుగు. ఇంగ్లీషులో "ఆంటీ" అన్న ఒక్క మాటలో అత్త, పిన్ని, పెద్దమ్మ ముగ్గురూ ఇమిడిపోతారు. మనకు ఆ మూడు మూడు వేర్వేరు లోకాలు. అంతకంటే ముఖ్యం, మన భాషలో మేనత్తా అత్తే, భర్త తల్లీ అత్తే. మేనమామా మామే, భర్త తండ్రీ మామే. ఇది మేనరికం అల్లిన భాష. మేనత్త కొడుకును చేసుకున్న పిల్ల ఆ కాపురం విడిచి రావడమంటే మొగుణ్ణి విడవడం మాత్రమే కాదు, తన తండ్రికీ ఆయన తోబుట్టువుకూ నడుమ ఉన్న బంధాన్ని కూడా తెంచడం. ఆ పిల్ల "మా అత్త" అన్నప్పుడు ఆ మాటలో చిన్ననాడు ఎత్తుకుని అన్నం తినిపించిన మనిషీ ఉంది, ఈనాడు తలుపు గడియ వేసిన మనిషీ ఉంది. దానిని ఇంగ్లీషు కాగితంలో "మదరిన్‌లా" అని నింపిన కౌన్సెలరుకు కథలో సగం జారిపోయింది. బోవెన్ త్రికోణం ఇక్కడ త్రికోణం కాదు, ముగ్గులాంటిది. చుక్కలు ఎక్కడ పెట్టారో తెలియనివారు గీతలు విప్పలేరు.

"మనసు బాగాలేదు", "గుండెల్లో గుబులు", "కడుపు తరుక్కుపోతోంది", "ఇంట్లో ఊపిరాడటం లేదు" అంటారు మనవాళ్ళు. ఇవి జబ్బుల పేర్లు కావు, అలాగని ఉత్త అలంకారాలూ కావు. వీటిలో ఏది అలసట, ఏది భయం, ఏది చావు ఆలోచనకు తలుపు అన్నది చెవికి పట్టుబడాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ ఫోను సేవ, 14416 నంబరు, తెలుగులోనూ మాట్లాడుతుంది. అది చాలా మంచి పని. మన విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర, సోషల్ వర్క్ శాఖలు కూడా తమ విద్యార్థుల చేత తెలుగులో వినడం అభ్యాసం చేయించాలి. శ్రీకాకుళం పలుకూ, ఆదిలాబాదు పలుకూ, సీమ పలుకూ వినిపించి, ఇందులో ఏం విన్నావు అని అడగాలి. ఈ పనికి మా బోటి తెలుగు పంతుళ్ళు పనికివస్తారు. తీర్పు చెప్పడానికి కాదు సుమా, మాటల అర్థం చెప్పడానికి.

"పంతులుగారూ, అన్ని వేల గంటల శిక్షణ మన దేశంలో అయ్యే పనేనా? అంతమందిని ఎక్కడ తెస్తారు? ఫీజులు ఎవరిస్తారు?" అంటారని తెలుసు. సబబైన ప్రశ్నే. అమెరికాలో కూడా ఈ శిక్షణార్థులు చాలీచాలని జీతంతో, ఒక్కోసారి జీతమే లేకుండా గంటలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. అది స్వర్గమని నేననడం లేదు. వారి అంకెలను యథాతథంగా దిగుమతి చేసుకోమనీ అనడం లేదు. కాని మన మెడికల్ కాలేజీల్లో హౌస్ సర్జన్లు చికిత్స చేయడం లేదా? పేదలకు వైద్యం అందుతున్నది వారి చేతుల మీదుగానే. వెనుక ప్రొఫెసరు ఉన్నారు కాబట్టి ధైర్యంగా చూపించుకుంటున్నాం. అదే పద్ధతిలో ఎం.ఎస్.డబ్ల్యు., సైకాలజీ చదివే పిల్లలను జిల్లా కేంద్రాలలో కూర్చోబెట్టండి, పైన ఒక అనుభవజ్ఞురాలిని పెట్టండి. ఖర్చు పెద్దగా పెరగదు, కొరత సగం తీరుతుంది. నాకు ఇంటర్న్‌లంటే భయం లేదు. గురువు లేని ఇంటర్న్ అంటే భయం. తాను ఇంటర్న్‌నని ఎన్నడూ ఎరగని పెద్దమనిషి అంటే ఇంకా భయం.

కాబట్టి నేను కోరేవి గొంతెమ్మ కోరికలు కావు. బోర్డు మీద పేరు పక్కన చదువు, రిజిస్ట్రేషను ఉంటే ఆ నంబరు రాయాలి. శిక్షణలో ఉన్నవారైతే ఆ మాటా, పర్యవేక్షకుల పేరూ చెప్పాలి. మొదటి సంభాషణ ఇద్దరితోనూ విడివిడిగా జరగాలి. హింస ఉన్నదన్న అనుమానం కలిగితే రాజీ మాట ఎత్తకూడదు. విన్నది బయటకు పొక్కకూడదు. బాధితురాలి మేనమామకు ఫోను చేసి "మీ అమ్మాయి ఇలా అంటోంది" అని చెప్పడం కౌన్సెలింగు కాదు, చాడీ. చివరగా, ఎన్ని జంటలను కలిపామన్న లెక్కతో కేంద్రాల పనితనం కొలవడం మానాలి. కొన్ని జంటలు కలవాలి, కొన్ని గౌరవంగా విడిపోవాలి. పరస్పర అంగీకారంతో విడాకులకు 1976లోనే హిందూ వివాహచట్టం చోటిచ్చింది. ఆరు నెలల నిరీక్షణను కూడా తగిన సందర్భంలో సడలించవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడిపోవడం చట్టానికే వైఫల్యంగా తోచనప్పుడు కౌన్సెలరుకు ఎందుకు తోచాలి?

మిత్రులారా, మీలో కొందరికి ఇది సంప్రదాయద్వేషంగా కనిపించవచ్చు. కుటుంబం మీద నాకున్న మమకారం వల్లనే ఇదంతా రాశాను. విలువైన వస్తువు విరిగితే ఎవరిచేత పడితే వారిచేత అతికించం. విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి, తీరికగా జవాబిస్తాను. ఒక్క మనవి మాత్రం. ఈసారి మీ ఇంటి చుట్టాల్లో ఎవరైనా "నువ్వు పెద్దవాడివి, వచ్చి ఆ పిల్లకు నాలుగు మాటలు చెప్పు" అని పిలిస్తే, ఆ పిల్లను ఎవరైనా ఒక్కసారైనా ఒంటరిగా కూర్చోబెట్టి విన్నారా అని అడగండి. వినలేదంటే, మీరు చెప్పవలసిన నాలుగు మాటలూ ఆ పిలిచినవారికే చెప్పండి.